థోర్ కథలతో తెలుగు నేర్పవచ్చునా?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఎనిమిది. ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాము. సినిమాల్లో, కామిక్సుల్లో థోర్‌నూ లోకినీ చూసినప్పటి నుంచి వాళ్లకు నార్స్ పురాణాల మీద, అంటే ఉత్తర ఐరోపా పాత దేవతల కథల మీద విపరీతమైన ఇష్టం ఏర్పడింది. తెలుగు పాఠం అనగానే ముఖం తిప్పుకొనే పిల్లలు ఆ కథ ఏదైనా మొదలుపెడితే కదలకుండా కూర్చుంటున్నారు. ఆరు నెలల పాటు భాషాపాఠాలన్నిటినీ ఈ కథల చుట్టూ అల్లుకొందామని నా ఆలోచన. అయితే దీనివల్ల నిజంగా భాష వస్తుందా, లేక కాలక్షేపంగా మిగిలిపోతుందా అన్న సందేహం వదలడం లేదు. ఆ పేర్లకు నోరు తిరగదు, కథల్లో నరుక్కోవడాలు ఎక్కువ, వ్యాకరణం సంగతి ఏమిటో తోచడం లేదు. ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడపాలో చెప్పగలరా?

సమాధానం: మీ మొదటి సందేహానికి జవాబు ఆ కథలు మనదాకా వచ్చిన తీరులోనే ఉన్నది. నార్స్ పురాణాల పేరుతో ఈనాడు లోకమంతా చెప్పుకొంటున్న కథల్లో పెద్ద భాగం మనకు దక్కినది ఒక భాషాపాఠ్యపుస్తకం వల్లనే. ఐస్‌లాండ్ కవీ, నాయకుడూ అయిన స్నోరి స్టుర్లుసన్ (1179-1241) 1220 ప్రాంతంలో 'ఎడ్డా' అనే గ్రంథాన్ని కూర్చాడు. అప్పటికి ఆ దేశం క్రైస్తవాన్ని స్వీకరించి రెండు శతాబ్దాలు దాటింది. స్నోరి కూడా క్రైస్తవుడే. కనుక పాత దేవతల మీది భక్తి కొద్దీ ఆయన ఆ కథలు రాయలేదు. పూర్వకవులు బంగారాన్ని 'సిఫ్ జుట్టు' అనీ, 'ఫ్రేయా కన్నీరు' అనీ, ఆకాశాన్ని 'యిమిర్ పుర్రె' అనీ పిలిచేవారు. సిఫ్ ఎవరో, ఆమె జుట్టుకు జరిగినదేమిటో తెలియని కుర్రవాడికి ఆ పద్యాలు అర్థం కావు. అటువంటి పద్యం తానుగా చెప్పడం అసలే రాదు. అందుచేత కవిత్వభాష నేర్చుకొనగోరే యువకుల కోసం ఆయన ముందు కథలు చెప్పి, తరువాత ఏ వస్తువును ఏయే మాటలతో పిలవవచ్చునో పాత పద్యాల ఉదాహరణలతో చూపి, చివర ఛందస్సు వివరించాడు. మీరు తలపెట్టిన పనిని ఎనిమిది వందల ఏళ్ల క్రితమే ఒకరు చేసి చూపారు కాబట్టి, ఆ క్రమాన్నే మీరూ పట్టుకోమని నా సలహా: ముందు కథ, కథలో నుంచి మాట, మాట నుంచి వాక్యం.

ఈ పద్ధతి చెడిపోయేది సాధారణంగా ఒకే చోట. కథ ముగిసీ ముగియక ముందే 'థోర్ తండ్రి ఎవరు, సుత్తి పేరేమి, ఈ కథ వల్ల నీవు నేర్చుకున్న నీతి ఏమి' అంటూ పది ప్రశ్నల కాగితం పిల్లల ముందు పెడతాము. మూడో కథకల్లా వాళ్లకు అసలు విషయం తెలిసిపోతుంది, కథ అనేది పాఠానికి తొడిగిన ముసుగని. ఒక కథకు ఒకే భాషావిషయం చాలు. అది కూడా ఆ కథ తనంతట తాను అందిస్తున్న విషయమై ఉండాలి, మనం అతికించినది కాకూడదు. వారానికి ఒక కథ కన్న ఎక్కువ వద్దు. ఆరు నెలలకు ఇరవై కథలైతే అది నిండైన ప్రణాళికే.

మొదటి నెలంతా రాత జోలికి పోకండి. దేవతలకు పెద్ద అయిన ఓడిన్ భుజాల మీద హుగిన్, మునిన్ అనే రెండు బొంతకాకులు ఉంటాయి. తెల్లవారగానే అవి లోకమంతా తిరగడానికి ఎగిరిపోయి, భోజనవేళకు తిరిగి వచ్చి, చూసినవీ విన్నవీ ఆయన చెవిలో చెబుతాయి. హుగిన్ అంటే ఆలోచన, మునిన్ అంటే జ్ఞాపకం. హుగిన్ తిరిగి రాదేమోనని భయపడుతున్నాననీ, మునిన్ విషయంలో ఆ భయం మరింత ఎక్కువనీ ఒక పాత పద్యంలో ఓడిన్ అంటాడు. పిల్లలకు ఈ కాకులను అప్పగించండి. మీరు కథ చెప్పిన మర్నాడు ఒకరు మునిన్ అయి, జరిగినదాన్ని ఏమీ కలపకుండా వరసగా చెప్పాలి. రెండోవారు హుగిన్ అయి, అది ఎందుకు అలా జరిగిందో తమకు తోచినది చెప్పాలి. మరుసటి వారం వంతులు మారాలి. జరిగినది చెప్పడమూ, దాని మీద అభిప్రాయం చెప్పడమూ వేర్వేరు పనులన్న ఎరుక ఇక్కడే కలుగుతుంది. పెద్దల రాతలో కూడా ఎక్కువగా కలగాపులగమయ్యేవి ఈ రెండే.

మీ అబ్బాయి మునిన్ అయినప్పుడు కథ బహుశా ఇలా వస్తుంది: 'థోర్ లేచాడు. తరువాత సుత్తి వెతికాడు. తరువాత కనిపించలేదు. తరువాత కోపం వచ్చింది.' మధ్యలో ఆపి దిద్దకండి. పూర్తి కానిచ్చి, 'ఇప్పుడు తరువాత అన్న మాట లేకుండా చెప్పు చూద్దాం' అనండి. తెలుగు అతనికి వెంటనే చేయి అందిస్తుంది: 'థోర్ నిద్రలేచి, సుత్తి కోసం తడిమి చూసి, అది కనిపించకపోయేసరికి గడ్డం పీక్కున్నాడు.' లేచి, చూసి అన్నవి క్త్వార్థకాలు, అంటే ఒక పని ముగిశాక మరొకటి జరిగిందని చెప్పే క్రియారూపాలు. లేచినవాడూ, తడిమినవాడూ, గడ్డం పీక్కున్నవాడూ ఒక్కడే కాబట్టి అవి అక్కడ కుదిరాయి. కనిపించనిది సుత్తి, కర్త మారింది కనుక అక్కడ 'కనిపించక' అని ఊరుకోకుండా 'కనిపించకపోయేసరికి' అనవలసి వచ్చింది. ఎనిమిదేళ్లవాడికి క్త్వార్థకమన్న పేరు అక్కరలేదు, ఆ తేడా చెవికి తగిలితే చాలు. అమ్మాయికి మాత్రం పేరుతో సహా చెప్పవచ్చు.

వ్యాకరణం సంగతి ఏమిటని అడిగారు. దానికి నేను ఏ ఇంటికైనా మొదట సూచించే కథ ఫెన్రిర్ అనే తోడేలుది. లోకి కొడుకైన ఆ తోడేలు రోజురోజుకూ పెరిగిపోతుంటే దేవతలు భయపడి రెండుసార్లు ఇనుప సంకెళ్లు వేస్తారు, రెండింటినీ అది తెంచేస్తుంది. అప్పుడు మరుగుజ్జుల చేత పట్టుదారమంత మెత్తని బంధం ఒకటి చేయిస్తారు. దాని పేరు గ్లైప్నిర్. దాని తయారీకి వాడిన వస్తువులు ఆరు: పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి. పిల్లి నడిస్తే చప్పుడు కాకపోవడం, ఆడవాళ్లకు గడ్డం లేకపోవడం, కొండ కింద వేళ్లు కనిపించకపోవడం మనం చూస్తున్నవే కనుక, ఈ కథకు సాక్ష్యం మన కళ్ల ముందే ఉన్నదని స్నోరి గంభీరంగా వాదిస్తాడు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడవలసిందే.

ఇప్పుడు ఏడో వస్తువును, ఎనిమిదో వస్తువును వాళ్లనే చేర్చమనండి. లోకంలో లేనిది కావాలి, రెండు మాటల్లో రావాలి. మా అబ్బాయి ఈ వయసులో ఉన్నప్పుడు ఉత్సాహంగా 'రాయి చెమట' అన్నాడు. నేను ఏమీ అనకుండా కాగితం మీద 'రాతి చెమట' అని రాశాను. తరువాతి మాట 'నీరు ఎముక' అన్నాడు, నేను 'నీటి ఎముక' అని రాశాను. నాలుగో మాట దగ్గర తనే ఆగి, 'ఏరు నిద్రా, ఏటి నిద్రా?' అని అడిగాడు. ఔపవిభక్తికాలు అనే అధ్యాయం మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది. పిల్లి, కొండ, చేప వంటి మాటలు మరో మాట ముందు చేరినా మారవు. రాయి, నీరు, ఏరు, ఇల్లు, కన్ను, పన్ను, నోరు వంటివి రాతి, నీటి, ఏటి, ఇంటి, కంటి, పంటి, నోటి అవుతాయి. మాటలు రెండు పట్టీలుగా విడదీసి గోడకు అంటించాము. నెల తిరిగేసరికి మారే మాటల పట్టీ ముప్ఫై దాటింది. సూత్రం చెప్పి ఉదాహరణలు వల్లింపజేసి ఉంటే ఆ పట్టీ అయిదు మాటల దగ్గర ఆగిపోయి ఉండేది.

ఇక స్నోరి గ్రంథానికి ప్రాణమైన విషయానికి వస్తాను. వస్తువును సూటిగా పేరు పెట్టి పిలవకుండా రెండు మాటల జంటతో సూచించడాన్ని నార్స్ కవులు కెన్నింగ్ అన్నారు. ఓడ 'అలల గుర్రం', యుద్ధం 'ఈటెల వాన', నిప్పు 'కొమ్మల గండం', రక్తం 'గాయపు కడలి'. ఇవి ఒక రకం. వీటికి కథ అక్కరలేదు, కొంచెం ఊహ చాలు. రెండో రకం వెనుక కథ ఉంటుంది. బంగారం 'సిఫ్ జుట్టు' ఎలా అయింది? థోర్ భార్య సిఫ్ జుట్టును లోకి ఒకనాడు ఆకతాయితనంతో మొత్తం కత్తిరించేస్తాడు. థోర్ అతణ్ణి పట్టుకొని ఎముకలు విరగ్గొడతానంటే, మామూలు జుట్టులాగే పెరిగే బంగారు జుట్టు చేయించి తెస్తానని ఒట్టు పెట్టుకుంటాడు. ఇవాల్డి కొడుకులనే మరుగుజ్జులు ఆ జుట్టు చేసి ఇస్తారు. అంతటితో ఊరుకోక, బ్రోక్ అనే మరో మరుగుజ్జుతో, నీ అన్న ఇంత గొప్ప వస్తువులు చేయలేడని లోకి తన తల పందెం కాస్తాడు. కొలిమి తిత్తి ఊదుతున్న బ్రోక్‌ను ఒక ఈగ వచ్చి మూడుసార్లు కుడుతుంది. మూడోసారి కనురెప్ప మీద కుట్టడంతో అతను క్షణం పాటు చేయి తీస్తాడు, అందుకే అప్పుడు కొలిమిలో తయారవుతున్న థోర్ సుత్తికి పిడి పొట్టిదైపోతుంది. అయినా ఆ సుత్తే అన్నిటికన్న గొప్పదని దేవతలు తీర్పు చెబుతారు. పందెం ఓడిన లోకి, 'నేను ఒడ్డినది తలను, మెడను కాదు. మెడ తాకకుండా తల తీసుకో' అంటాడు. మెడ దక్కని బ్రోక్ అతని పెదవులు కుట్టేస్తాడు. మాటకు ఎక్కడ మొదలు, ఎక్కడ తుద అన్న చర్చకు ఇంతకన్న మంచి పాఠం నాకు తెలియదు. తల ఎక్కడ ముగిసి మెడ ఎక్కడ మొదలవుతుందో మీ పిల్లలను నిర్వచించమనండి. ఒక పూట గడిచిపోతుంది.

కెన్నింగులు తయారు చేయించేటప్పుడు ఒక తప్పు తప్పకుండా ఎదురవుతుంది. చీపురుకు ఒకటి చెప్పమంటే పిల్లలు 'ఊడ్చే పుల్లలు' అంటారు. అది వర్ణన, లేదా నిర్వచనం. కెన్నింగులో ఆధారమైన మాట ఆ వస్తువు కాకూడదు. ఓడ గుర్రం కాదు, కాని అలల మీద అది గుర్రం చేసే పనే చేస్తుంది. అలాగే చీపురు 'దుమ్ముమంద కాపరి' కావచ్చు, గొడుగు 'మోసుకుపోయే చూరు' కావచ్చు. ఈ భేదం పట్టుబడిన పిల్లవాడికి రూపకాలంకారాన్ని మళ్లీ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. మా ఇంట్లో మొదట 'కడలి గుర్రం' అని అనువదించి చెబితే, మావాడు అది అక్వేరియంలో ఉండే చేప అనుకొని కథంతా ఓడ బదులు చేపనే ఊహించుకున్నాడు. అప్పటి నుంచి 'అలల గుర్రం' అంటున్నాను.

అమ్మాయితో ఇక్కడ ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. మన ముక్కంటి, తమ్మిచూలి, గాలిచూలి, చెరకువిలుకాడు వంటి మాటలు కూడా కథ తెలిస్తేనే విడివడతాయి. మూడు కన్నులు కలవాడు ముక్కంటి అన్నప్పుడు మూడుకూ కన్నుకూ బయట ఉన్న వ్యక్తి అర్థమవుతున్నాడు కాబట్టి అది బహువ్రీహి. 'అలల గుర్రం' పైకి చూస్తే షష్ఠీ తత్పురుష, అలల యొక్క గుర్రం. అర్థం మాత్రం అలలకూ గుర్రానికీ బయట ఉన్న ఓడ. రూపం ఒక సమాసానిది, పని మరో సమాసానిది. ఇది పదకొండేళ్ల పిల్ల తలకెక్కుతుందా అని మీరు అనుకోవచ్చు. కథ తెలిసిన పిల్లకు ఎక్కుతుంది. తాను చేసే జంటల్లో సంస్కృతపదాన్నీ తెలుగుపదాన్నీ ఒకే సమాసంలో ఇరికిస్తే వినడానికి ఎలా ఉంటుందో కూడా చూపండి: 'సముద్రాశ్వం' నిలుస్తుంది, 'అలల గుర్రం' నిలుస్తుంది, 'తరంగగుర్రం' కుంటుతుంది. వైరిసమాసం అన్న పేరు అప్పుడు చెప్పవచ్చు.

పర్యాయపదాలకు ఆల్విస్ కథను వాడండి. ఆల్విస్ అంటే సర్వజ్ఞుడు. థోర్ కూతురిని పెళ్లాడడానికి రాత్రివేళ వచ్చిన మరుగుజ్జు. థోర్ అతణ్ణి భూమి, ఆకాశం, చంద్రుడు, సూర్యుడు మొదలుకొని పదమూడు విషయాలు తీసుకొని, వీటిని ఏ లోకంలో ఏమంటారని అడుగుతూ పోతాడు. మేఘాన్ని దేవతలు 'వాన మీద ఆశ' అంటారని, మరణలోకంలో 'మరుగుపరచే శిరస్త్రాణం' అంటారని అతను చెబుతాడు. సూర్యుణ్ణి ఎల్ఫులు 'అందాల చక్రం' అంటారు. రాత్రిని రాక్షసులు 'వెలుగులేనిది' అంటే, ఎల్ఫులు 'నిద్రానందం' అంటారు. ఇలా చెబుతూ చెబుతూ ఉండగానే తెల్లవారుతుంది, వెలుగు సోకి మరుగుజ్జు పని ముగిసిపోతుంది. పర్యాయపదాల పట్టిక బట్టీ పట్టిన పిల్లకు రాత్రి, రేయి, నిశ, యామిని అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఈ పద్యం విన్న పిల్ల మాత్రం ఆ మాట ఎవరి నోట వస్తుందని అడగడం మొదలుపెడుతుంది. వర్షానికి ఎదురుచూసేవాడు, తడవడం ఇష్టం లేనివాడు, ఆకాశంలో ఎగిరే పక్షి మేఘాన్ని ఏమని పిలుస్తారో మూడు మాటలు రాయమనండి.

సంభాషణ రాయడానికి రెండు వనరులు ఉన్నాయి. ఒకటి యిగ్‌డ్రసిల్ అనే మహావృక్షం మీద పైకీ కిందికీ పరుగెత్తే రాటటోస్క్ అనే ఉడుత. కొమ్మ మీది గద్ద అన్న మాటలను వేళ్ల దగ్గర కొరుకుతున్న నిడ్‌హోగ్ అనే సర్పానికి, సర్పం మాటలను గద్దకు చేరవేయడమే దాని పని. ఒక బిడ్డ గద్ద, మీరు సర్పం, రెండో బిడ్డ ఉడుత. గద్ద: 'నీ కోరలకు నా చెట్టు వణకదు.' ఉడుత సర్పంతో: 'నీ కోరలకు తన చెట్టు వణకదని గద్ద అంటున్నది.' నా అన్నది తన అయింది; అదే మాటను ఉడుత 'నా చెట్టు' అని చెబితే చెట్టు ఉడుతదైపోయి కూర్చుంటుంది, అందరూ నవ్వుతారు. పరోక్ష కథనం మీద పేజీలకు పేజీలు అభ్యాసాలు చేయించడం కన్న ఈ ఆట పది నిమిషాలు ఆడించడం మేలు. రెండోది థ్రిమ్ అనే రాక్షసుడు సుత్తిని దొంగిలించిన కథ. సుత్తి తిరిగి కావాలంటే ఫ్రేయాను ఇచ్చి పెళ్లి చేయమంటాడు రాక్షసుడు. చివరకు థోర్‌కే పెళ్లికూతురి వేషం వేసి పంపుతారు. విందులో పెళ్లికూతురు ఒక ఎద్దునూ ఎనిమిది సాల్మన్ చేపలనూ తినేస్తే, చెలికత్తె వేషంలో ఉన్న లోకి, నీ మీది ఆశతో ఎనిమిది రాత్రులుగా ఏమీ తినలేదని సర్దిచెబుతాడు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయేమంటే, ఎనిమిది రాత్రులుగా నిద్రపోలేదంటాడు. దీన్ని ముగ్గురూ వంతులు వేసుకొని నాటకంగా చదవండి. తరువాత అమ్మాయి చేత ఆ విందు ఘట్టాన్ని సంభాషణగా రాయించండి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు రాయకుండానే మాట తీరును బట్టి తెలిసిపోవాలన్నది ఒక్కటే నియమం.

రాక్షసుల ఉట్‌గర్డ్ కోటలో పందేలలో థోర్ ఓడిపోయిన కథను రెండుసార్లు చెప్పండి. మొదటిసారి చివరి రహస్యం దాకా మామూలుగా చెప్పాలి. తిండి పందెంలో లోకిని ఓడించిన లోగి నిజానికి నిప్పు. పరుగులో గెలిచిన హుగి ఆలోచన. థోర్ ఎంత తాగినా తరగని కొమ్ముపాత్ర కొన సముద్రంలో ఉన్నది. ఎత్తలేకపోయిన పిల్లి లోకాన్ని చుట్టిన సర్పం. కుస్తీలో అతణ్ణి మోకాలి మీదికి దించిన ముసలమ్మ ఎల్లి, అంటే వార్ధక్యం. ఆ పేర్లన్నీ వాళ్ల భాషలో మామూలు మాటలే; వినేవారికి మొదటి నుంచీ ముందుంచిన ఆధారాలవి. రెండోసారి చెప్పేటప్పుడు ఎక్కడెక్కడ ముందే తెలుసుకొని ఉండవచ్చునో పిల్లలు మిమ్మల్ని ఆపి చూపాలి. లోకి మాంసం మాత్రమే తింటే, లోగి ఎముకలనూ తొట్టినీ కూడా తినేశాడన్న వాక్యం దగ్గర మీ అబ్బాయి తప్పకుండా ఆపుతాడు.

పేర్ల గురించి ఎక్కువ బెంగ పడకండి. ఒక పేరును ఒక రకంగా రాయాలని నిర్ణయించుకొని, అదే రాతను చివరిదాకా పాటించండి. ఒకచోట టైర్, ఇంకోచోట టీర్ అని రాస్తే పిల్లలు ఇద్దరనుకుంటారు. పేరుతో పాటు అర్థం చెబితే నోరు దానంతటదే తిరుగుతుంది. ఇంగ్లీషు వారాల పేర్లలో ఈ దేవతలు నలుగురు దాగి ఉన్నారన్నది పిల్లలకు నచ్చే విషయం: ట్యూస్‌డే టైర్‌ది, వెడ్నెస్‌డే ఓడిన్‌ది, థర్స్‌డే థోర్‌ది, ఫ్రైడే ఫ్రిగ్‌ది. రోమన్ల మార్స్, మెర్క్యురీ, జూపిటర్, వీనస్‌ల చోట జర్మానిక్ జాతులవారు తమ దేవతలను నిలపడం వల్ల ఇలా అయింది. మన మంగళ, బుధ, గురు, శుక్రవారాలు అవే గ్రహాల పేరున నడుస్తున్నాయి. మరొకటి కూడా చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు విండో అన్న మాట పాత నార్స్‌లోని 'గాలి కన్ను' నుంచి వచ్చింది. మన గవాక్షంలో ఉన్నది గోవు కన్ను. ఇంటి గోడకు కన్ను పెట్టాలని ఇరువురికీ తోచింది.

హింస విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. కథను తీసుకుంటే దాని మూల్యంతో సహా తీసుకోవాలి. ఫెన్రిర్‌కు గ్లైప్నిర్ వేసేటప్పుడు, ఇందులో మోసం లేదని హామీగా ఎవరో ఒకరు నా నోట్లో చేయి పెట్టాలని అది అడుగుతుంది. టైర్ ఒక్కడే ముందుకు వస్తాడు, చేయి పోగొట్టుకుంటాడు. చేయి పోకుండా కథ ముగిస్తే దేవతలు మోసం చేశారన్న సంగతే కనిపించదు. ఎనిమిదేళ్లవాడు ఈ కథను తట్టుకుంటాడు. లోకిని అతని కొడుకు పేగులతో బంధించిన ఘట్టం, స్లైప్నిర్ అనే గుర్రం పుట్టుక వంటివి ఇప్పుడు వదిలివేయండి. అందువల్ల మీ పాఠాలకు వచ్చే లోటు లేదు. ఫ్రిగ్ కొడుకు బాల్డర్ మరణం అమ్మాయికి చెప్పదగినది. అతనికి హాని చేయబోమని ఫ్రిగ్ నిప్పు, నీరు, ఇనుము, రాళ్లు, చెట్లు, రోగాలు, జంతువులు అన్నిటి చేతా ఒట్టు పెట్టించుకొని, మరీ లేతదని మిసల్టో మొక్కను మాత్రం వదిలివేస్తుంది. ఆ ఒట్లలో రెండు రాయమనండి: ఇనుము ఎలా ఒట్టు పెడుతుంది, జ్వరం ఎలా పెడుతుంది? రాగ్నరోక్‌ను, అంటే లోకాంతం కథను, ఆరో నెలకు ఉంచండి. లోకం మునిగిపోవడంతో ఆపకుండా, పచ్చని నేల మళ్లీ సముద్రంలో నుంచి పైకి తేలడం, పూర్వం దేవతలు ఆడుకున్న బంగారు పావులు గడ్డిలో దొరకడం దాకా చెప్పండి.

ఈ కథల వల్ల రానివి కూడా చెప్పాలి. అక్షరదోషాలు వీటితో పోవు. ఒత్తులు, అల్పప్రాణ మహాప్రాణాలు, ళ-ల, ణ-న భేదాలు రోజూ అయిదారు వాక్యాల చెప్పిరాతతో మాత్రమే కుదురుతాయి. ఆ వాక్యాలు ఈ కథల్లోవే అయితే కొంచెం విసుగు తగ్గుతుంది, అంతే. రూన్ లిపిలో పేర్లు రాయడం అనే సరదా ఒకటి ఉన్నది. పిల్లలు గంటలు గంటలు గీస్తారు కాని దాని వల్ల భాష పెరగదు. అయితే దాన్ని ఒక్క పాఠానికి వాడుకోవచ్చు. వైకింగుల కాలపు రూన్ వరుసలో పదహారు గుర్తులే ఉండేవి. త-ద లకు ఒకటే గుర్తు, క-గ లకు ఒకటే. ఆ లెక్కన మన తాత, దాత ఒకే విధంగా రాయాలి. కాలి, గాలి కూడా అంతే. 'గాలి వేగం' అని మీరు రాసినదాన్ని పిల్లలు 'కాలి వేగం' అని చదివాక, తెలుగులో ఇన్ని అక్షరాలు ఎందుకని మళ్లీ అడగరు.

పద్యం మీద ఆసక్తి ఉంటే అమ్మాయికి ఇంకొక్కటి. పాత నార్స్ పద్యపాదం రెండు సగాలుగా ఉంటుంది. రెండు సగాల్లోనూ ఊనిక పడే మాటల మొదటి ధ్వని కలవాలి. హల్లు అయితే అదే హల్లు రావాలి, అచ్చు అయితే ఏ అచ్చుకు ఏ అచ్చైనా సరిపోతుంది. మన యతి ఇంతకన్న పట్టింపు కలది: అ, ఆ, ఐ, ఔ లకు య, హ లతో మైత్రి ఉన్నది, ఇ కి లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చెబితే యతి అనేది ఎవరో విధించిన శిక్ష కాదనీ, పాదాన్ని కుట్టే దారమనీ ఆ పిల్లకు వినిపిస్తుంది.

చివరగా, రాసినవి దిద్దడం. ఒక కాగితంలో ఒక్క రకం తప్పునే దిద్దండి, మిగిలినవి కనపడినా కనపడనట్లు ఊరుకోండి. బాగోలేని వాక్యానికి మా ఇంట్లో ఒక పేరు ఉండేది. కవిత్వాన్ని ఇచ్చే మధువును ఓడిన్ రాక్షసుల దగ్గర నుంచి మూడు గుటకల్లో తాగేసి, గద్దరూపంలో ఎగిరి వచ్చి దేవతల పాత్రల్లో కక్కుతాడు. వెనుక రాక్షసుడు తరుముకొస్తున్న తొందరలో కొంత వెనుక వైపు నుంచి జారిపోతుంది. దానిని ఎవరూ పట్టించుకోలేదనీ, కావలసినవాళ్లు తీసుకోవచ్చుననీ, చవకబారు కవుల వాటా అదేననీ స్నోరి చెబుతాడు. వాక్యం పేలవంగా వస్తే 'ఇది వెనుక జారిన వాటా' అనేవాళ్లం, రాసినవాళ్లు నవ్వుతూ తిరగరాసేవాళ్లు. ఈ మాట మీరు వాడదలచుకుంటే, పిల్లలు రాసే ప్రతిదానికీ మీరూ ఒకటి పక్కన కూర్చొని రాయండి. మీ వాక్యాన్ని చూసి ఆ మాట అనే అధికారం వాళ్లకూ ఇవ్వండి.